అలవాటు, ఎఱుక, సంగీతసాధన

ఇంటికి తాళము వేసి వీధిమలుపు వఱకు నడచిన పిమ్మట "తాళము వేసితినా, లేదా?" అను సందేహము ఎన్నడును కలుగని గృహస్థులు అరుదు. మరలి వచ్చి చూచినచో తాళము పడియే యుండును. చేయి తన పని తాను చేసినది. మనస్సు మాత్రము ఆ సమయమున అచ్చట లేదు. అట్లే భోజనము చేసి లేచినవారిని పప్పులో ఉప్పు సరిపోయినదా అని అడుగుడు. ఆలోచించి కాని చెప్పలేరు. ప్రతిదినము ఎక్కుచున్న మేడమెట్లు ఎన్ని అని అడుగుడు. ఇరువది యేండ్లుగా ఎక్కుచున్న వారికిని తెలియదు.

ఇది లోపమని మేము తొందరపడి చెప్పబోము. అలవాటు లేనిదే దినము గడవదు. చొక్కాకు బొత్తములు పెట్టుకొనుట మొదలు కూరలు తఱుగుట వఱకు ప్రతి పనిని తొలిసారి చేసినంత శ్రద్ధతో చేయవలసివచ్చినచో మధ్యాహ్నమునకే అలసిపోవుదుము. అమెరికా దేశపు తత్త్వవేత్త విలియం జేమ్స్ 1890లో ప్రకటించిన 'ది ప్రిన్సిపుల్స్ ఆఫ్ సైకాలజీ' అను మహాగ్రంథమున అలవాటునకు ఒక అధ్యాయమును, అవధానమునకు మఱియొక అధ్యాయమును కేటాయించెను. అలవాటు శ్రమను తగ్గించును, మనస్సును ఇతరకార్యములకు విడిపించును అని ఆయన మొదటిదానిలో నిరూపించెను. రెండవదానిలో చెప్పినది మఱింత ఆసక్తికరము. మనస్సును ప్రయత్నపూర్వకముగా ఒకే విషయముపై కొన్ని క్షణములకు మించి నిలుపుట ఎవరికిని సాధ్యము కాదట. నిలుపుట యని మనము పిలుచునది నిజమునకు జాఱిపోయిన మనస్సును మఱల మఱల తీసికొనివచ్చుటయే. సంగీతసాధనకు కూర్చుండి "నా మనస్సు నిలువదు" అని తమ్ము తామే నిందించుకొను పిల్లలకు ఈ మాట ఎవరైనను చెప్పవలసియున్నది. నిలువకపోవుట మనస్సునకు సహజము. తిరిగి తెచ్చుటయే సాధన.

తెలుగున ఎఱుక యను మాట చక్కనిది. ఎఱుకసాని చేయి చూచి చెప్పునదియు ఎఱుకయే. అయితే అది రేపటి విషయము. మేమిచ్చట చెప్పదలచినది ఇప్పటి విషయము: చేయుచున్న పనిని, చేయుచున్న సమయముననే తెలిసియుండుట. దీనికే అవధానమని మఱియొక పేరు. అవధానమనగానే మనవారికి అష్టావధానము తలపునకు వచ్చును. ఒకవైపు సమస్య, ఒకవైపు నిషిద్ధాక్షరి, వీని నడుమ ఎవరో అప్పుడప్పుడు గంట మ్రోగించుచుందురు. మొత్తము ఎన్ని మ్రోతలో చివరకు అవధాని చెప్పవలెను. పద్యపూరణముల ముందు ఈ గంటలెక్క చిన్నపనిగా కనబడును గాని మాకు మాత్రము అదియే మిక్కిలి ఆశ్చర్యకరమైన అంశము. ఏలయన అందు పాండిత్యముతో పనిలేదు. వినుచుండుట యొక్కటే కావలెను.

అలవాటునకును ఎఱుకకును గల సంబంధమును తన శరీరముమీదనే పరీక్షించి చూచిన వారిలో ఫ్రెడరిక్ మథయస్ అలెగ్జాండర్ ముఖ్యుడు. ఈయన 1869లో ఆస్ట్రేలియాకు దక్షిణముననున్న టాస్మేనియా ద్వీపమున జన్మించెను. షేక్స్పియరు నాటకములలోని ఘట్టములను వేదికపై పఠించుట ఆయన వృత్తి. యౌవనముననే గొంతు బొంగురుపోవ మొదలిడెను. వైద్యులు విశ్రాంతి చెప్పిరి. విశ్రాంతి తీసికొన్నంతకాలము గొంతు బాగుండెడిది. వేదిక యెక్కి కొంతసేపు పఠించునప్పటికి మఱల యథాస్థితియే. అంతట ఆయనకు ఒక ఊహ తోచెను. పఠనమునకు ముందు బాగున్న గొంతు పఠనము నడుమ చెడుచున్నదనిన, చెఱుపు పఠించు తీరులోనే యుండవలెను గదా! ఏమి చేయుటవలన చెడుచున్నదని అడుగగా వైద్యుడు చెప్పలేకపోయెను. ఆ ప్రశ్నకు జవాబు తానే వెదకదలచి అలెగ్జాండర్ అద్దముల ముందు నిలిచెను.

అద్దములో మూడు సంగతులు కనబడినవి. పఠింపబోవు క్షణమున తల వెనుకకు విఱుచుకొనుచున్నది. కంఠనాళము క్రిందకు అదుముకొనుచున్నది. ఊపిరి నోటిద్వారా చప్పుడుతో లోనికి పీల్చబడుచున్నది. మామూలుగా మాటలాడునప్పుడును ఈ మూడును ఉన్నవి. కాని మోతాదు తక్కువ గనుక కంటికి అంతగా ఆనలేదు. సరే, కారణము తెలిసినది, ఇక దిద్దుకొనుటయే తరువాయి అని ఆయన తలచెను. తలను ముందునకు, మీదికి ఉంచి పఠించెను. ఉంచితిననియే నమ్మెను. అద్దములో మాత్రము తల మునుపటివలెనే వెనుకకు పోవుచుండెను!

ఈ కథయంతటిలో మాకు ముఖ్యముగా తోచునది ఈ ఘట్టమే. శరీరము చెప్పు సాక్ష్యమును మనము మాఱుమాటాడక నమ్ముదుము. కాని చిరకాలపు అలవాటు ఆ సాక్షిని ఎన్నడో తనవైపు త్రిప్పుకొన్నది. అలవాటైనది సరియైనదిగా తోచును, సరియైనది వింతగా తోచును. ఏండ్ల తరబడి ఒకవైపు ఒరిగి కూర్చున్నవానిని నిటారుగా కూర్చుండబెట్టుడు. తాను రెండవవైపునకు ఒరిగిపోయితినని గోలపెట్టును. కావుననే "జాగ్రత్తగా చేయుము" అను హితవచనము ఒక్కటే చాలదు. జాగ్రత్తపడువాడు తన పాత అలవాటునే మఱింత గట్టిగా చేయును.

అలెగ్జాండర్ కనుగొన్న ఉపాయము విచిత్రమైనది. పఠింపవలెనను కోరిక పుట్టినంతనే ఆయన పఠింపడు. ఆగును. తలను, మెడను బిగింపక వదలవలెనని మనస్సుననే ఆజ్ఞ యిచ్చుకొనును. ఆ ఆజ్ఞ కొనసాగుచుండగనే, పఠించుటయా, ఊరకుండుటయా, లేక చేయి పైకెత్తుటవంటి మఱియొక పని చేయుటయా యని క్రొత్తగా నిర్ణయించుకొనును. అనేక పర్యాయములు పఠింపకయే విరమించెడివాడు. ఫలము మీద చూపు నిలిపి దానికై ఎగబడుటయే అలవాటునకు ఊపిరి. ఆ ఎగబాటును ఆపినచో అలవాటు దిక్కులేనిదగును. ఈ విధముగ చిరకాలము కృషిచేసి ఆయన తన గొంతును దక్కించుకొనెను. 1904లో లండను నగరము చేరి ఈ పద్ధతిని ఇతరులకు నేర్ప నారంభించెను. తత్త్వవేత్త జాన్ డ్యూయీ, నాటకకర్త బెర్నార్డ్ షా, రచయిత ఆల్డస్ హక్స్‌లీ ఆయన శిష్యులలోని వారే. తన అద్దముల కథను 1932లో 'ది యూజ్ ఆఫ్ ది సెల్ఫ్' అను గ్రంథమున వివరించి, 1955లో మరణించెను. లండనులోని రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్ వంటి విద్యాలయములలో ఈ పద్ధతి సంగీతవిద్యార్థులకు నేర్పబడినది. 1973లో నోబెల్ బహుమానము పొందిన జంతుప్రవర్తనా శాస్త్రజ్ఞుడు నికో టింబర్గెన్ తన బహుమానోపన్యాసమున గణనీయమైన భాగమును దీనికే వినియోగించెను.

పెద్దలు మెచ్చినంత మాత్రమున నమ్మనక్కఱలేదు. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రకటించిన ఒక పరిశోధన కలదు. ఇంగ్లండులో దీర్ఘకాలముగా, లేక మాటిమాటికి నడుమునొప్పితో బాధపడు 579 మందిని విభజించి పరీక్షించిరి. మామూలు వైద్యము మాత్రమే పొందినవారిలో ఒక సంవత్సరము పిమ్మట నాలుగు వారములలో మధ్యస్థముగా 21 దినములు నొప్పియుండగా, ఈ పద్ధతిలో 24 పాఠములు నేర్చినవారిలో అది 3 దినములకు తగ్గినది. ఇది చిన్న ఫలితము కాదు. సంగీతకారుల విషయమున మాత్రము ఇంతటి గట్టి పరిశోధన లేదు; వేదికమీది భయము కొంత తగ్గునని సూచించు చిన్న పరిశీలనలు ఉన్నవి, అంతే. ఈ పద్ధతి గురువు చేతిస్పర్శతో నేర్వదగినదియే కాని చదివి నేర్వదగినది కాదని కూడ చెప్పుట న్యాయము.

అయినను దానినుండి గృహస్థులు ఉచితముగా గ్రహింపదగినది ఒకటి కలదు: కోరికకును క్రియకును నడుమనున్న ఆ చిన్న విరామము. సెల్‌ఫోను మ్రోగినంతనే చేయి దానికై పరుగెత్తును. ఆ చేయి పరుగెత్తకముందు ఒక్క మ్రోత విని, భుజము బిగిసినదా, ఊపిరి ఆగినదా అని చూచి పిమ్మట తీయుడు. అవతలివా రేమియు కోల్పోరు. కుర్చీనుండి లేచునప్పుడు మెడవెనుక అరచేయి ఆనించి లేచి చూడుడు. తల వెనుకకు విఱుచుకొనుట పలువురికి చేతికే తగులును. లేచుటకు మెడతో నిమిత్తమేమి? ఏమియు లేదు, అలవాటు, అంతే.

ఇక మన సంగీతమునకు వత్తము. అలెగ్జాండర్ అద్దములో చూచిన దోషములు మనవారికి క్రొత్తవి కావు. పదమూడవ శతాబ్దమున దేవగిరి యాదవరాజు సింఘణుని ఆస్థానమున శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరమున గాయకునికి ఉండరాని దోషములు ఇరువదియైదు లెక్కింపబడినవి. పండ్లు కఱచిపట్టి పాడువాడు సందష్టుడు. 'సూత్' అను చప్పుడుతో పాడువాడు సూత్కారి. ఒంటెవలె మెడ యెత్తి పాడువాడు కరభుడు. మెడ వంకరపెట్టువాడు వక్రి. ముఖమునను మెడయందును నరములు ఉబ్బించువాడు ఝోంబకుడు. కన్నులు మూసికొని పాడువాడు నిమీలకుడు. దీనిని నేటి శ్రోతలు తన్మయత్వమని మెచ్చుకొనుచున్నారు గాని శార్ఙ్గదేవుడు మెచ్చలేదు. భయపడుచు పాడువాడును, వణకుచు పాడువాడును ఇందే కలరు. ఈ వరుసలో చివరకు వచ్చుచున్న దోషులలో ఒకడు అనవధానుడు: మనస్సు పెట్టక పాడువాడు. ఒంటెమెడ, ఉబ్బిన నరములు, చప్పుడుచేయు ఊపిరి అనువాని సరసనే పరధ్యానమును కూడ ఒక దోషముగ పేర్కొనుట గమనింపదగినది. దేహదోషములను ఒకచోట, మనోదోషములను ఒకచోట ఆయన విడదీయలేదు. ఇది యాదృచ్ఛికమైనను కావచ్చును. మేము మాత్రము కాదనియే తలచుచున్నాము.

వీణ నేర్చుకొను పిల్లలను చూడుడు. మెట్లు కనబడవలెనని తల వంచి, మెడ ముందునకు చాచి, ఎడమభుజము పైకెత్తి కూర్చుందురు. తొలినెలలలో ఇది తప్పదు. వ్రేలికి మెట్టు తెలిసిన పిమ్మటను మెడ మాత్రము వంగియే యుండును. ఏలయన ఆ వంపు అప్పటికి వాద్యములో భాగమైనది. తారస్థాయి అందుకొనుటకు గడ్డము పైకెత్తు గాయకుని సంగతియు ఇంతే. స్వరము పైది గనుక శరీరమును పైకి సాగవలెనని దాని భ్రమ. ఇంటిలో నిలువుటద్దము ఉన్నచో వారమునకు ఒకదినమైనను దానిముందు సాధన చేయించుట మంచిది. తల్లిదండ్రులు ప్రక్కన కూర్చుండి "సరిగా కూర్చో" అని మాటిమాటికి హెచ్చరించుటవలన కలుగు ప్రయోజనము అత్యల్పము. సరి అనగా నేమో ఆ బిడ్డ శరీరమునకు ఇంకను తెలియదు.

ఎఱుకను నేర్పుటకు మన సంగీతమున ఉన్న గొప్ప సాధనము తంబురా. దానిని ఊరక మీటుచు కూర్చున్నవారిని చూచి పనిలేనివారని కొందఱు తలతురు. తంబురాకు నాలుగు తంతులు. ఒకటి పంచమము, రెండు సారణులు, చివరిది మంద్రషడ్జము. ఈ రెండు సారణులును ఒకే స్వరము పలుకవలెను. ఒకటి క్షణమునకు 240 పర్యాయములును రెండవది 242 పర్యాయములును కంపించుచున్నవనుకొనుడు. స్వరము ఇంచుమించు ఒక్కటిగానే వినబడును. కాని ఆ కలిసిన నాదము క్షణమునకు రెండుమార్లు ఉబ్బి తగ్గుచుండును. రెండవది 242 నుండి 241కి తగ్గినచో క్షణమునకు ఒక్కమారే ఉబ్బును. పూసను వెండ్రుకవాసి జరుపుచు వినుచున్నకొలది ఆ అల నెమ్మదించి, సాగి, ఒకచోట మాయమగును. అదియే శ్రుతి కలియుట. దీనికి రాగజ్ఞానము అక్కఱలేదు. పదేండ్ల బాలునకును ఆ అల వినబడును. కాని ఒక నిబంధన: అల వినబడు సమయమున మఱియొక ఆలోచన చేయరాదు. చేసినచో అల ఉండియు వినబడదు. మనస్సు ఉన్నదో లేదో తెలుపు పరికరము ఇంతకంటె చౌకగా దొరకునని మేము అనుకొనము.

అంతటితో తంబురా వింతలు ముగియలేదు. తంతికిని గుఱ్ఱమునకును నడుమ జీవ యనబడు నూలుపోగు నుంచుదురు. దానిని కొంచెము జరుపగా ఒకచోట తంతి ఒక్కమారుగా 'జుమ్మ'ని మేల్కొనును. ఇట్టి వెడల్పైన గుఱ్ఱము గల మన వీణా తంబురాల నాదమున, ఐరోపా శాస్త్రజ్ఞుల సూత్రము ప్రకారము ఉండరాని అనుస్వరములు కూడ బలముగా పలుకుచున్నవని సర్ సి.వి. రామన్ 1921లో వెలువడిన పత్రమున నిరూపించెను. మంద్రషడ్జము 120 కంపనములైనచో దానివెంట 240, 360, 480, 600 కూడ వినబడును. ఇందు 360 పంచమము. 600 అంతరగాంధారము. ఆ గాంధారమును ఎవ్వరును మీటలేదు, ఏ తంతియు దానికై బిగింపబడలేదు. అయినను శ్రుతి చక్కగా కలిసిననాడు అది పైన తేలి వినబడును. దీనిని స్వయంభూస్వరమని మనవారు పిలిచిరి. తొలిసారి విన్నవారు ఎవరో దూరమున పాడుచున్నారని తల త్రిప్పి చూచుట కలదు. ముందే అచ్చట నున్నది గదా, ఇంతకాలము ఏల వినబడలేదు? చెవి మాఱలేదు, వినుట మాఱినది.

1979 ప్రాంతమున బెంగుళూరులో విద్యుత్ తంబురా రూపొందిన నాటినుండి శ్రుతి పని సులభమైనది. నేడు సెల్‌ఫోనులోనే తంబురా దొరకుచున్నది. ప్రయాణములలోను, ఇరుకైన ఇండ్లలోను ఇవి చేయు ఉపకారమును కాదనజాలము. బొత్తము నొక్కినంతనే కలిసిన శ్రుతి వచ్చును. కాని ఆ కలియుటను వినవలసిన పది నిమిషములు పోయినవి. సాధనకు ముందు మనస్సును ఇంటిపనులనుండి, పాఠశాలనుండి చెవికి తీసికొనివచ్చిన పది నిమిషములు అవియే. పెట్టెను వాడువారు పాడుటకు ముందు రెండు నిమిషములు ఏమియు పాడక దానిని వినుట మేలు.

తాళమును గూర్చి కొద్దిగా చెప్పుదుము. ఆదితాళమున ఎనిమిది అక్షరములు: ఒక దెబ్బ, చిటికెనవ్రేలు మొదలు మూడు వ్రేళ్ల లెక్క, పిమ్మట దెబ్బ విసురు, దెబ్బ విసురు. పాడువాడు నోటితో ఒకటి, చేతితో ఒకటి చేయవలెను. కొంతకాలమునకు చేయి అలవాటుపడి తానే నడచును, అది మంచిదే. ఆపద ఎప్పుడనగా, పాట తడబడినప్పుడు చేయి కూడ పాటను అనుసరించి కుంటుట. అప్పుడు తాళము వేయువాడు లేడు, పాటకు చప్పట్లు కొట్టువాడు మాత్రమే ఉన్నాడు. గురువులు శిష్యునిచేత ఒక ఆవర్తము పాట ఆపించి తాళము మాత్రము వేయించుట, తరువాతి ఆవర్తమున పాట నందుకొనుమనుట ఇందులకే.

సరళీస్వరములను మూడు కాలములలో పాడించుట మన సంప్రదాయము. పిల్లలకు మూడవకాలముపై మోజు. తల్లిదండ్రులకు అంతకంటె ఎక్కువ మోజు, ఏలయన చుట్టములు వచ్చినప్పుడు వినిపింపదగినది అదియే. మొదటికాలమును దాటిపోవలసిన మెట్టుగ చూతురు. నిజమునకు కష్టమైనది మొదటికాలమే. రెండు స్వరముల నడుమ అంత తావు ఉండగా మనస్సు ఆ తావున ఎచ్చటికైనను పోగలదు. మూడవకాలమున తప్పు కనబడకపోవుటకు కారణము తప్పు లేకపోవుట కాదు, కనబడు వ్యవధి లేకపోవుట. నూఱుమార్లు తప్పుగ వాయించినవాడు నూఱుమార్లు సాధన చేసినట్లే, తప్పును సాధించినాడు. దానిని మఱపించుటకు గురువునకు పట్టు కాలము క్రొత్తపాఠము చెప్పుటకు పట్టు కాలముకంటె ఎక్కువ.

1993లో ఆండర్స్ ఎరిక్సన్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు సహచరులతో కూడి, పశ్చిమ బెర్లిను సంగీతవిద్యాలయపు వయొలిను విద్యార్థులను గూర్చి జరిపిన పరిశోధనను ప్రకటించెను. మేటివిద్యార్థులు ఎక్కువ గంటలు సాధన చేసిరనుట లోకమెల్ల చెప్పుకొన్నది. అంతగా ప్రచారమునకు రాని సంగతులు రెండు. వారు సాధనను ముక్కలుగా విభజించుకొని నడుమ విశ్రాంతి తీసికొనుచుండిరి. పగటినిద్ర కూడ ఇతరులకంటె ఎక్కువగ పోయిరి. మనస్సు పెట్టి చేయు సాధన దినమునకు సుమారు నాలుగు గంటలకు మించి కొనసాగించుట కష్టమని పరిశోధకులు తేల్చిరి. వృత్తివిద్యార్థులకే ఇది హద్దయినచో, బడినుండి అలసివచ్చిన బాలికను రెండు గంటలు కదలక కూర్చుండబెట్టుట ఎందులకు? ఇరువది నిమిషములు మెలకువతో వాయించి లేచినను తప్పులేదు.

ఇచ్చట ఒక న్యాయమైన ఆక్షేపణ రావచ్చును. ప్రతి వ్రేలిని, ప్రతి కండరమును గమనించుచు కూర్చున్నచో సంగీతము నడచునా? నడవదు. పాడుచు పాడుచు తన గొంతును తానే పరిశీలింప మొదలిడిన గాయకుడు సంగతి మధ్యమున తప్పిపోవుట సభలలో అప్పుడప్పుడు చూచుచున్నదే. అమెరికాలో రాబర్ట్ డ్యూక్ మొదలగువారు 2011లో ప్రకటించిన ఒక ప్రయోగమున, పదునాఱుగురు సంగీతవిద్యార్థులచేత మెట్లవాద్యముపై ఒక చిన్న వరుసను వాయింపించిరి. వ్రేళ్లపై దృష్టి నిలుపుడని చెప్పినప్పటికంటె, వ్రేళ్ల కదలికవలన పుట్టు నాదమువంటి ఫలితముపై దృష్టి నిలుపుడని చెప్పినప్పుడు వారి వాయింపు ఎక్కువ సమముగా నుండెను. పదునాఱుగురితో చేసిన ప్రయోగము పెద్దది కాదు. అయినను గురువులు అనుభవముతో చెప్పు మాటకు ఇది దగ్గఱగా నున్నది. నిదానముగా సాధన చేయునప్పుడు మెడను, భుజమును, ఊపిరిని చూచుకొనవలెను. పాట సాగునప్పుడు చెవి నాదముమీద నుండవలెను. ఎఱుక యనగా తన్ను తాను కాపలాకాయుట కాదు. కాపలా బిగువు పుట్టించును. బిగువు అపస్వరము పుట్టించును.

ఈ బిగువు సంగతి ప్రాచీనులకు బాగుగ తెలియును. బౌద్ధవాఙ్మయమున సోణుడను భిక్షువు కథ కలదు. గృహస్థుగా నుండగా ఆయన వీణావాదనమున నేర్పరి. భిక్షువైన పిమ్మట అతికఠినముగ సాధన చేసి, పాదములు చిట్లి నెత్తురు కారు వఱకు నడచి, ఫలము కానక ఇంటికి మరలిపోవుదునా యని తలపోయుచుండెను. బుద్ధుడు వచ్చి ఆయనను ధర్మశాస్త్రము అడుగలేదు. వీణను గూర్చి అడిగెను. తంతులు మిక్కిలి బిగించినప్పుడు వీణ చక్కగ పలికెనా? లేదు. మిక్కిలి వదులుచేసినప్పుడు? అప్పుడును లేదు. సమముగ నున్నప్పుడే పలికెనని సోణుడు తన నోటనే చెప్పెను. తన వ్రేళ్లకు ఎప్పుడో తెలిసిన విషయమును సాధనకు అన్వయించుకొనుట మాత్రము ఆయనకు అప్పటివఱకు తోచలేదు. అమరావతి, నాగార్జునకొండ శిల్పములు బుద్ధచరిత్రను మలచుకొన్న మన సీమలో ఈ కథ మఱింత వాడుకలో నుండవలసినది.

పాడువారు, వాయించువారు కొందఱే, వినువారు అందఱును. రేడియో ఇంట నున్నవారు ఈ విషయమున ప్రత్యేకమైన అదృష్టము గలవారు, అంతే ప్రత్యేకమైన ప్రమాదమున నున్నవారును. ఆకాశవాణి విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ఆరంభమైనది. సంగీత జాతీయ కార్యక్రమము 1952లో మొదలైనది. అంతకుమునుపు కచేరి వినవలెనన్న నాలుగు క్రోసులు బండికట్టుకొని పోయి, రాత్రియంతయు కూర్చుండెడివారు. అంత శ్రమపడి పోయినవాడు పరధ్యానముగా వినడు. నేడు మీట త్రిప్పిన చాలును. కావుననే కచేరి ఒకమూల సాగుచుండగా రెండవమూల పాలలెక్క, మూడవమూల పిల్లల తగవు. భక్తిరంజని వినుచు ముగ్గు వేయు గృహిణిని మేము తప్పుపట్టము. చుక్కలు లెక్క తప్పకుండ పాటయు చెవి తప్పకుండ సాగుచున్నచో అదియు ఒక అవధానమే. రేడియో మ్రోగుచున్నదను సంగతియే ఇంటివారికి తెలియకపోవుట మాత్రము వినుట కాదు.

రేడియోలో గాయకుని ముఖము కనబడదు, చేయి కనబడదు, పట్టుశాలువ కనబడదు. చెవికి పోటీ లేదు. ఈ లాభమును వాడుకొనుటకు మేము ఒక పద్ధతి సూచింతుము. కచేరి మొదలైనప్పుడు మొట్టమొదట గాయకుని వదలి, వెనుకనున్న తంబురాను వెదకుడు. అది గొంతు క్రింద మునిగిపోవును. గాయకుడు ఊపిరి తీయునప్పుడు మఱల తేలును. ఆలాపన నడచునప్పుడు వయొలిను వెనువెంట ఎంత దూరమున వచ్చుచున్నదో చూడుడు: వెంటనే అందుకొనుచున్నదా, వాక్యము ముగియనిచ్చి పిమ్మట పలుకుచున్నదా? కీర్తన యెత్తుకొన్నప్పుడు మోకాలిమీద తాళము వేయుడు. పల్లవి దెబ్బతో మొదలైనదా, దెబ్బ పడిన పిమ్మట అరయక్షరము ఆగి మొదలైనదా అను సంగతి చేయి వేసినవారికి వెంటనే పట్టుపడును. నడుమ మనస్సు కరెంటు బిల్లుమీదికి పోవును. పోయినదని తెలిసినప్పుడు చింతింపక మఱల తంబురాయొద్దకు రండు.

ముక్తాయింపు అయిన పిమ్మట ప్రకటన వినబడులోగా ఒకటి రెండు క్షణములు ఖాళీ యుండును. మృదంగము ఆగినది, గొంతు ఆగినది, తంబురా మాత్రము ఇంకను మ్రోగుచుండును. చాలమంది ఆ క్షణముననే మీటకై చేయి చాతురు. చేయి చాచినది మీరు గమనించినచో, దానిని అచ్చటనే ఉంచి, నాలుగవ తంతి అణగు వఱకు వినుడు.